గోడ మీది చెంబు

మా పక్కింటి లస్కరుగారు పోయారు. ఈ కబురు నాకు ఎవరూ మోసుకురాలేదు. మొదట చూసింది నేనే, ఊరికి చెప్పింది నేనే, పిఠాపురంలో ఉన్న ఆయన తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసిందీ నేనే. మా ఊరి పోస్టాఫీసు నా చేతుల మీద నడుస్తుంది. ఇరవై ఏళ్ళుగా మంచి కబురైనా చెడ్డ కబురైనా ఇళ్ళకు అందించడం నాకు అలవాటే. ఈ ఒక్కటి మాత్రం ఒక రోజు ఆలస్యంగా అందించాను. ఆ ఆలస్యం నన్ను తినేస్తోంది కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

లస్కరు అంటే ఎవరో ఈ కాలం వాళ్ళకు చెప్పాలి. వరద వచ్చినప్పుడు ఏటిగట్టు మీద తిరుగుతూ ఎక్కడ ఊట పడింది, ఎక్కడ పీత బొరియ పెట్టింది, ఎక్కడ ఇసుక బస్తా వెయ్యాలి అని చూసే మనిషి. మిగతా రోజుల్లో కాలవ తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. మా లస్కరుగారు రిటైరై ఇరవై ఏళ్ళు దాటింది గానీ గట్టు ఆయన్ని వదల్లేదు. తెల్లారగానే పంచె మీద ఖాకీ చొక్కా తొడుక్కుని వెళ్ళి గోదారిని చూసి వచ్చేవారు. దారిలో ఎదురైన వాళ్ళందరికీ, అడిగినా అడక్కపోయినా, నీళ్ళు నిన్నటికంటే ఎంత పెరిగాయో ఎంత తగ్గాయో చెప్పుకుంటూ వచ్చేవారు. పెన్షన్ కాగితాలు నా చేతిలోకి వచ్చినప్పుడు తప్ప ఆయనకు ఒక పేరుందని నాకు గుర్తుండేది కాదు. నేను బాబాయిగారూ అనేదాన్ని. ఊరు ఎదురుగా లస్కరుగారు అనేది, వెనక్కి తిరిగాక ప్రళయంగారు అనేది. ఆ పేరు పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. దాచుకుని ఏం లాభం?

ప్రళయంగారు ఎందుకయ్యారంటే ఆ ఇంటి వల్ల. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూసి మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు కదా, ఆయన సంసారమంతా ఆ మూడింటి ప్రకారమే సర్ది ఉండేది. వంటింటి గోడకు ఎర్ర రంగుతో మూడు గీతలు. మొదటి హెచ్చరిక వస్తే నేల మీది బియ్యం డబ్బా, దుప్పట్లు మంచం మీదికి. రెండోది వస్తే మంచం మీదివన్నీ అటక మీదికి. మూడోది వస్తే మనిషే అటక మీదికి. ఇక ఆ అటక మీద ఏముండేవో చెబితే కిరాణా కొట్టు అనుకుంటారు. అటుకులు, బెల్లం, ఉండలు చేసిన చింతపండు, తడి తగలకుండా మైనం పూసిన అగ్గిపెట్టెలు, కిరసనాయిలు లాంతరు, రేడియో, కొబ్బరి తాళ్ళు, బ్లీచింగ్ పౌడరు, గాలి కొట్టించిన లారీ ట్యూబు ఒకటి. ఏటా రోహిణి కార్తెలో అవన్నీ కిందికి దించి, ఎండబెట్టి, పాతవి తీసి కొత్తవి పెట్టేవారు. లారీ ట్యూబు ఎండలో పెట్టి దానికి కాపలా కూర్చున్న ఆయన్ని చూసి, బాబాయిగారూ లారీ ఎప్పుడు కొంటున్నారు అని గోడ మీంచి వేళాకోళం చేసేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. లారీ ఎందుకమ్మా, ట్యూబు చాలు అనేవారు.

గీతలు వంటింటి గోడ మీదే ఆగలేదు. ఊళ్ళో ఏ కష్టం వచ్చినా ఆయన కొలిచేవారు. పొరుగింటాయనకు జ్వరం తగిలితే మొదటి హెచ్చరిక. నాలుగు రోజులకీ తగ్గకపోతే రెండోది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తే నేరుగా మూడోదే. మా ఆఫీసులో కొత్త మెషిన్ ఇచ్చిన మొదటి వారం నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, గోడ అవతల నుంచి కాసేపు విని, ఇది మొదటిదాకా కూడా రాలేదులేమ్మా అని తేల్చేశారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టే లేరు.

ఇన్ని సరుకులున్నాయి కదా, అవసరానికి ఏదైనా ఇస్తారనుకుంటే పొరపాటు. ఒకసారి సాయంత్రం కరెంటు పోయింది. మా అమ్మ అప్పటికి ఉంది, మంచం మీద. ఒక కొవ్వొత్తి ఇవ్వండి బాబాయిగారూ అని వెళ్ళాను. అటక మీద కనీసం పది పెట్టెల కొవ్వొత్తులున్నాయని నాకు తెలుసు. ఆయన చీకట్లో అరుగు మీద కూర్చుని ఉన్నారు. "ఇది చీకటమ్మా, ఆపద కాదు," అన్నారు. నేను విసురుగా వచ్చేశాను. మరో అరగంటకి ఆయనే వచ్చి మా అమ్మ మంచం పక్కన కూర్చున్నారు. కరెంటు వచ్చేదాకా అమ్మతో పాత వరదల కబుర్లు చెప్పారు. కొవ్వొత్తి మాత్రం తేలేదు.

కరోనా వచ్చి కొట్లు మూసేసిన రోజుల్లో ఊరు ఆయన గుమ్మం ముందు నిలబడింది. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండో హెచ్చరిక వచ్చేసినట్టేనండి అని అటక దించేశారు. ప్రళయంగారు అన్న నోళ్ళతోనే ఆయన బెల్లం, ఆయన చింతపండు తిన్నాం. గిన్నెలు పట్టుకుని వచ్చిన వాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయేవారు. అందరూ ముక్కుకి గుడ్డ కట్టుకుని, దూరం దూరంగా. ఆఖరి మనిషి కూడా వెళ్ళాక ఆయన అరుగు మీద ఒక్కరే కూర్చుని వీధి అటూ ఇటూ చూసేవారు. ఎవరూ లేని వీధిని అంతసేపు ఎందుకు చూస్తారో నాకు అప్పట్లో అర్థం కాలేదు.

ఆయనకు పిల్లలు లేరు. వాళ్ళావిడ, నేను పిన్నిగారూ అనేదాన్ని, పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడది నీళ్ళ చావు కాదు, మామూలు జబ్బే. కానీ ఆ ఇంటి అటక అలా తయారు కావడానికి కారణం ఆవిడే. ఆ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు.

పెద్ద వరద వచ్చిన ఏడు ఆయన డ్యూటీ మా ఊరికి ఎగువన గట్టు మీద. వారం రోజులు ఇంటి ముఖం చూడలేదు. ఆయన కాపలా ఉన్న గట్టు నిలబడింది. ఇంకెక్కడో గండి పడి, ఆ నీళ్ళు తిరిగి తిరిగి మా ఊళ్ళోకి వచ్చాయి. ఊరంతా బడి మేడ మీదికి ఎక్కింది. పక్కవాళ్ళు ఆవిడ బడికి వెళ్ళిపోయిందనుకున్నారు. బడిలో వాళ్ళు మొగుడి దగ్గర గట్టు మీద ఉందనుకున్నారు. గట్టు మీద ఈయన, ఊరితోపాటే ఉంటుందిలే అనుకున్నారు. ఆవిడ మాత్రం ఖాళీ అటక మీద, తాగడానికి చుక్క మంచినీళ్ళు లేకుండా, రెండు రోజులు ఒక్కతే ఉంది. చేతికి అందింది ఒక ఇత్తడి చెంబు, ఒక అట్లకాడ. పై పెంకులు రెండు తొలగించి, ఆ సందులోంచి చెంబు బయట పెట్టి అట్లకాడతో కొడుతూ కూర్చుంది. చేపలవాళ్ళ పడవ ఒకటి ఆ చప్పుడు విని వచ్చి దించింది.

"దాహానికి పోతాననుకోలేదంటమ్మా," అన్నారు ఆయన నాతో. "నేనిక్కడ ఉన్నానని ఎవరికీ తెలీదేమోనని భయమేసిందంట. సర్కారు గట్టుకి అన్నీ సర్దాను. ఇంటికి ఒక్క అగ్గిపెట్టె సర్దలేదు."

చెప్పడం అయ్యాక లేచి వెళ్ళి చింతపండు పెట్టి ఆ చెంబు తోముకున్నారు. దానికి ఒకవైపంతా సొట్టలే. సొట్టలు తీయించమని నేను ఎన్నిసార్లు పోరానో. అప్పుడు తెలిసింది ఎందుకు తీయించలేదో.

మూడేళ్ళ క్రితం మా అమ్మ పోయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. అక్కచెల్లెళ్ళూ లేరు. లస్కరుగారు వచ్చి మా ఇంట్లో నీళ్ళ డ్రమ్ము నింపారు, పొయ్యి వెలిగించారు, వచ్చిన వాళ్ళకు టీ పెట్టారు. ఇది ఎన్నో హెచ్చరిక బాబాయిగారూ అని ఏడుస్తూనే అడిగాను. వెక్కిరింపుగా అడిగానో, నిజంగా అడిగానో నాకే తెలియదు. దీనికి హెచ్చరికలు ఉండవమ్మా అన్నారు.

పన్నెండు రోజులూ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక పొద్దున్న ఆయన చెంబు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చారు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. దాని మీదికి ఆయన వైపు కానుగ చెట్టు వంగి ఉంటుంది. ఇప్పుడు ఈ గోడకి రెండు పక్కలా ఒక్కొక్కరమే మిగిలాం అని మొదలుపెట్టారు. వరదల్లో గట్టు మీద లస్కర్లు ఎవరి గుడిసె ముందు వాళ్ళు గుంజకి లాంతరు కట్టేవారట. పక్క గుడిసెలో లాంతరు కనపడకపోతే మనిషికి ఏదో అయిందని నడిచి వెళ్ళి చూడాలి. అదే పద్ధతి ఇక్కడా పెట్టుకుందాం అన్నారు. నేను రోజూ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తాను, సాయంత్రం వరండా లైటు వేస్తాను. అవి నా గుర్తులు. ఆయన పొద్దున్న ఏడింటికి చెంబు గోడ మీద బోర్లిస్తారు, సాయంత్రం దీపం వేళకి తీసేస్తారు. అవి ఆయనవి.

"ఫోన్లున్నాయి కదా బాబాయిగారూ," అన్నాను.

"మొదట పోయేది టవరేనమ్మా. నువ్వు మట్టుకు ఒకటి గుర్తుపెట్టుకో. చెంబు పెట్టడం చూడ్డం కాదు, తియ్యడం చూడాలి. నీళ్ళు ఎక్కడం ఊరంతా చూస్తది. తగ్గేటప్పుడే గట్టు జారుద్ది. అప్పుడు చూసేవాడే లస్కరు."

తల ఊపాను. ముసలాయన చాదస్తం, సరే అంటే పోయేదేముంది అనుకున్నాను.

ఆయన తన వంతు ఎలా చేశారో చెప్పాలి. ఆ మొదటి చలికాలంలోనే నాకు ఒళ్ళు తెలియని జ్వరం వచ్చి తెల్లవారి లేవలేకపోయాను. ముగ్గు పడలేదు. ఏడూ పదికల్లా తలుపు చప్పుడు. గొళ్ళెం తియ్యడానికి నేను పాక్కుంటూ వెళ్ళేసరికి, ఆయన ఒక చేతిలో గునపం, ఇంకో చేతిలో గంజి గిన్నెతో నిలబడి ఉన్నారు. తలుపు బద్దలు కొట్టడానికి కూడా సిద్ధంగానే వచ్చారన్నమాట. ఎనభై దాటిన మనిషి. ఆ గునపం చూసి అంత జ్వరంలోనూ నవ్వొచ్చింది. ఆయన పిలుచుకొచ్చిన డాక్టరు నేను రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్రల సంగతి అడిగితే, నేను చెప్పిన ఆ పేరు బాబాయిగారు కూడా తన నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఆయనకీ ఆ జబ్బే ఉందేమో అనుకుని ఊరుకున్నాను.

నా వంతు నేనెలా చేశానంటే, మొదటి ఏడాది రెండు పూటలా చూశాను. తర్వాత పొద్దున చూడటం మిగిలింది. ఆఫీసుకి బయలుదేరుతూ గోడ వైపు ఒక చూపు. చెంబు ఉంది, సరే, ఇవాళ్టికి బాబాయిగారు బాగున్నారు. సాయంత్రం చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. మానేద్దామని మానలేదు. అలిసిపోయి వస్తాను, వరండా లైటు వేస్తాను, లోపలికి పోతాను. నేను వేసిన ఆ లైటు కోసం అవతల ఒక మనిషి ఎదురుచూస్తాడని తెలిసి కూడా, నేను అటు తిరిగి చూసేదాన్ని కాదు.

ఈ రోహిణి కార్తెలో ఆయన ఎప్పటిలాగే అటక దించారు. మంగళవారం పొద్దున్న మాట్లాడుకున్నాం కూడా. మైనం బాగోట్లేదమ్మా, అగ్గిపెట్టెలకి పట్టట్లేదు అన్నారు. టైమైపోతోందని నేను సగం విని వెళ్ళిపోయాను. బుధవారం పొద్దున్న గోడ మీద చెంబు ఉంది. చూశాను, ఆఫీసుకి పోయాను. ఆ సాయంత్రం త్వరగా వచ్చాను. మా వైపు రాలిన కానుగ పూలు ఊడుద్దామని చీపురు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. గోడ మీద కూడా పూలు దట్టంగా పడి ఉన్నాయి. బోర్లించిన చెంబు అడుగు మీద కూడా ఉన్నాయి, కింద పొరవి అప్పటికే వాడి గోధుమ రంగుకి తిరిగాయి. చెంబు ఎత్తాను. దాని కింద ఒక్క పువ్వు లేదు. శుభ్రంగా, గుండ్రంగా గోడ కనిపించింది.

అంటే మంగళవారం పెట్టిన చెంబు మంగళవారం సాయంత్రం ఎవరూ తియ్యలేదు. నేను పొద్దున్న చూసి సరే అనుకున్నది నిన్నటి చెంబు.

బాబాయిగారూ అని పిలిచాను. చీపురు అక్కడే పడేసి వాళ్ళ గుమ్మం వైపు పరిగెత్తాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన అటక నిచ్చెన పక్కన కుర్చీలో కూర్చునే ఉన్నారు, తల గోడకి ఆనించి. ముందు స్టూలు మీద గడ్డకట్టిన మైనం గిన్నె, అగ్గిపెట్టెలు. కొన్నింటికి మైనం పూశారు, కొన్నింటికి లేదు.

గుండె ఆగిందన్నారు డాక్టరు. క్షణంలో అయిపోయి ఉంటుంది, మంగళవారం సాయంత్రం మీరు చూసినా చేసేదేమీ లేదండి అన్నారు. ఊళ్ళో అందరూ నన్ను ఆ మాటతోనే ఓదార్చారు. అది నిజమే కావచ్చు. కానీ ఆయన తనని బతికించమని నన్ను అడగలేదు కదా. వాళ్ళావిడ అటక మీద పడిన భయం ఇంకొకరు పడకూడదనుకున్నారు. నేనిక్కడ ఉన్నానని తెలిసిన మనిషి ఒకరుండాలి, అంతే ఆయన కోరింది. ఇంత ఊళ్ళో ఆ ఒక్క మనిషిగా నన్ను పెట్టుకున్నారు. ఒక రాత్రి, ఒక పగలు ఆయన అలా కూర్చుని ఉంటే, నడుమెత్తు గోడకి ఇవతల నేను అన్నం తిన్నాను, టీవీ చూశాను, నిద్రపోయాను.

పెద్ద కర్మ అయ్యాక తమ్ముడి కొడుకు ఇల్లు సర్ది తాళం వెయ్యడానికి నన్ను సాయం పిలిచాడు. అటక మీద చివర రెండు రేకు పెట్టెలున్నాయి. ఒకటి ఆయనది. ఖాకీ చొక్కా, పంచెలు, బీపీ మాత్రలు, కాగితాలు. రెండోది నీలం రంగుది. ఇది మా పెద్దమ్మదై ఉంటుందండి, ఆవిడ పోయినా తియ్యలేకపోయారు పాపం అన్నాడు ఆ అబ్బాయి. నేనూ అదే అనుకున్నాను. మూత తీశాం.

కొత్త నూలు చీర ఒకటి, తువ్వాలు, ఒక కంచం, ఒక గ్లాసు. వాటి మీద నా పాత కళ్ళజోడు. రెండేళ్ళ క్రితం కొత్తది చేయించుకున్నప్పుడు పాతది పారెయ్యకమ్మా, ఇలా ఇవ్వు అని పుచ్చుకున్నారు. చిత్తుకాగితాలు ఏరుకునే వాడిలా ఏంటండీ ఇది అని నేను నవ్వాను కూడా. కళ్ళజోడు కింద ప్లాస్టిక్ కవర్లో థైరాయిడ్ మాత్రలు, నేను వేసుకునేవే, అదే పవరు. తిప్పి చూశాను. ఈ మధ్యే కొన్నవి. పాతవి తీసేసి కొత్తవి పెట్టారన్నమాట, ఏటా, చింతపండుతోపాటు, అగ్గిపెట్టెలతోపాటు. అడుగున ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు, మూతికి తాడు. లోపల ఏమీ లేదు. వరదొస్తే ఊళ్ళో వాళ్ళ పాస్‌బుక్కులు ఎక్కడ దాచాలో అని నేను ఎప్పుడో ఒకసారి గోడ దగ్గర వాపోయాను. ఆ మాట అన్న సంగతి నాకు గుర్తులేదు. ఆయనకు ఉంది.

ఇవి ఎవరివండి అని అడిగాడు ఆ అబ్బాయి. నావి అన్నాను. ఆయన ఇల్లు ఇద్దరికి సర్ది ఉంది. అన్నేళ్ళూ ఆ రెండో మనిషిని నేనే.

పెట్టె తీసుకెళ్ళండి అన్నాడు. చెంబు కూడా అడిగాను. సొట్టలు పడిన చెంబు మీకెందుకండి, మంచివి ఉన్నాయి చూడండి అన్నాడు. చెప్పడానికి ఓపిక లేక ఇదే చాలు బాబూ అని తెచ్చుకున్నాను.

ఆ ఇంటికిప్పుడు తాళం. పొద్దున్న గట్టు నుంచి వస్తూ నీళ్ళ లెక్క చెప్పే మనిషి లేడు. నేను లేచి ముగ్గు వేస్తాను, ఏడింటికి చెంబు గోడ మీద బోర్లిస్తాను. అవతల నుంచి చూసేవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. సాయంత్రం ఎంత అలిసిపోయి వచ్చినా ముందు గోడ దగ్గరికే వెళతాను. తీశాను బాబాయిగారూ అని పైకే అంటాను. వింటే పిచ్చిదనుకుంటారు, అనుకోనివ్వండి. ప్రళయంగారి పక్కింటి ఆవిడకి ఆ మాత్రం పేరు రాకుండా ఉంటుందా?

కానుగ పూలు అయిపోయాయి. వానలు పడుతున్నాయి. నిన్న మధ్యాహ్నం మొదటి హెచ్చరిక ఇచ్చారని రేడియోలో విన్నాను. బియ్యం డబ్బా, దుప్పట్లు మంచం మీదికి చేర్చి, దీపం వేళకి గొడుగు వేసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. గోడంతా తడిసి నల్లబడి ఉంది. చెంబు ఎత్తాను. దాని కింద చెంబు మూతి అంత మేర పొడిగా, తెల్లగా, గుండ్రంగా ఉంది. దాని మీద ఒక చినుకు పడింది, ఇంకొకటి పడింది. నేను చూస్తుండగానే ఆ గుండ్రం చిన్నదై, చిన్నదై, గోడలో కలిసిపోయింది.